ఆ సద్దు ఎవురికీ వినబడలే

"అవ్వా, నువ్వు ఇప్పుడు ఎవురికీ కాలు పెట్టేది లేదంట. ఎందుకవ్వా? నాకి ఒక్కసారి పెట్టు."

ఎవురు పంపినారు నిన్ను? మీ జేజా? అత్తిముగం నుండి ఒక్కదానివే బస్సెక్కి వచ్చినావా, ఈ ఎండలో? కూచో, ముందు కూచో. ఆ కాలు అట్ల మడిచి పెట్టొద్దు, చాపుకో. మోకాలా? ఆటలో పడినావా? ఊఁ. ఏమీ చెయ్యను తల్లీ, ఊరికే చూస్తా. పేరేమి నీది? రమ్య. మీ జేజి నాకి వరసకి వదిన అవుతాది, తెలుసా నీకి? ఇద్దరమూ ఒకే చేన్లో కొత్తిమీర కోసినాము. ఆమె నోరు నా నోటికన్నా పెద్దది. అయినా నీకి చెప్పలే చూడు, మునెమ్మ రెండేండ్లుగా కాలు పెట్టేది ఎందుకు మానుకునిందో. చెప్పింటాదిలే, నువ్వు వినుండవు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని. అందరికీ తల ముందర వస్తాది, నాకి కాళ్ళు ముందర వచ్చినాయంట. మా అమ్మ రెండు దినాలు సావు బతుకుల్లో ఉన్నింది. అట్ల పుట్టినోళ్ళ కాలికి గుణం ఉంటాదని మన పక్క నమ్మకం కదా, నడుము పట్టుకున్నోళ్ళని కాలితో తొక్కితే పట్టు వదిలేస్తాదని. నాకి నాలుగేండ్లప్పుడే మా నాయన నన్ను ఎత్తుకొని పోయి మా పెద్దమామ నడుము మీద నిలబెట్టినాడు. నేను భయపడి ఆడనే ఉచ్చ పోసేసినానంట. అయినా మా మామకి నొప్పి పోయె. ఏది పోగొట్టిందో దేవునికే తెలియాల.

అప్పటి నుండి ఆదివారం వస్తే చాలు, మా ఇంటి ముందర జనం. పొద్దున్నే, ఏమీ తినకుండా రావాల. ఇదో, ఈ గడప దగ్గరే బోర్లా పండుకోవాల. నేను ఎడమ కాలితో మూడు సార్లు తొక్కేది. మాట్లాడకూడదు, పోయొస్తానని కూడా చెప్పకూడదు, లేచి పోతా ఉండాల్సిందే. దుడ్డు తీసుకునేది లేదు, తీసుకుంటే గుణం పోతాదంటారు. ఆకూ వక్కా, దోసెడు రాగులు. అంతే. అప్పుడు ఈడ నుండి హోసూరుకి బస్సు ముప్పావలా. ఆ ముప్పావలా పెట్టుకొని యాడాడ నుండో వస్తా ఉండ్రి. ఒకసారి ఒక పోలీసాయన వచ్చినాడు, ఇంత లావు, ఇంత మీసాలు. ఆయన్నీ తొక్కినాను. పోలీసాయన్ని కాలితో తొక్కిన ఆడది ఈ తాలూకాలో నువ్వొక్కదానివే మునెమ్మా అని మీ జేజి పొట్ట పట్టుకొని నవ్వింది.

ఏమి చెప్తా ఉంటిని? ఆఁ. నడుము, మెడ, చీలమండ. ఇంతే నేను కాలు పెట్టింది. మోకాలికి పెట్టేది లేదు. మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది, మోకాలు దేవుడు వేసిన ముడి, దాని జోలికి పోవద్దు అని. నా జన్మలో ఒక్క మోకాలికే పెట్టినాను. అది నా మనవరాలిది.

నందిని నీకి తెలిసుంటాది, నువ్వూ కబడ్డీ ఆడే పిల్లవే కదా. నా కొడుకు నారాయణప్ప కూతురు. కొత్తిమీర కోసేసినాక చేను ఖాళీగా ఉంటాదే, ఆ మన్నులోనే నేర్చుకునింది, మగపిల్లోళ్ళతో. మా కోడలు అరస్తా ఉంటాది, ఆడపిల్ల తొడ కొట్టేదేమి అని. నేను మాత్రం గట్టు మీద కూచొని చూస్తా ఉంటాను. ఏం పరుగో దానిది. అవతల ఆరుమంది ఉంటే ఆరుమందీ దాని కాళ్ళ కేసే చూస్తా నిలబడిపోతారు. వాళ్ళు చూస్తా ఉండంగానే ఒకరిని తాకేసి గీత కాడికి వచ్చేసుంటాది. నాకి చేతులు ఊరుకునేవి కావు, పక్కన యాడనో మేస్తా ఉండే ఆవుని పట్టుకొని కొట్టేసేదాన్ని. ఆ ఆవు నన్ను చూస్తేనే పారిపోతా ఉన్నింది అప్పుడు.

పంతొమ్మిదేండ్లకి స్టేట్ టీము సెలక్షన్ కి పిలిచినారు, క్రిష్ణగిరికి. దాంట్లో ఎక్కితే పోలీసు ఉద్యోగం కూడా వస్తాదని డ్రిల్లు మాష్టరు చెప్పినాడు. మా ఊరు బేరిగై అంతా తెలిసిపోయ. మా నారాయణప్ప కొత్తిమీర మూటలు మార్కెట్టుకి తోలేటప్పుడు ఆడ తమాటా మండీవాళ్ళకి కూడా చెప్పొచ్చినాడు, నా కూతురు పోలీసు అవుతాదని. ఇంకా అవలే, అవుతాది అని చెప్పాలప్పా అంటే వినడు.

ఆ దినం పొద్దున్న సంగటి చేసి పెట్టినాను. వద్దవ్వా, కడుపు బరువవుతాది అని రెండు అరటిపండ్లు తినింది. అప్పుడు చూసినాను నేను. పాత చున్నీ చించి మోకాలికి గట్టిగా చుట్టుకుంటా ఉండాది. ఏందే అది అంటే, సుమ్మనే, ఊరికే అవ్వా, గట్టిగా ఉంటాది అనింది. నేను ఇంకొక మాట అడగలే. ఆ దినం అడిగుంటే అని ఎన్ని సార్లు అనుకున్నానో, లెక్కలేదు.

నేను ఆడికి పోలే. మాష్టరు వచ్చి చెప్పిందే. మొదటి ఆట బాగా ఆడిందంట. రెండో ఆటలో గీత దాటి పోయింది, ఒకామెని తాకింది, వెనక్కి తిరిగింది. తిరిగేదానిలోనే పడిపోయ. రమ్యా, ఎవురూ పట్టుకోలే దాన్ని. ఎవురూ తోయలే. అందరూ దూరంగా ఉండారు. తనంతట తాను తిరిగి, తనంతట తాను పడిపోయ. గీతకి జానెడు దూరంలో. చెయ్యి చాపితే అందేది, చాపలే అంట. మోకాలు పట్టుకొని ఆకాశం కేసి చూస్తా ఉన్నిందంట. ఏడవను కూడా ఏడవలే. మాష్టరుకి అదే భయమైపోయిందంట, ఈ పిల్ల ఏడవలేదే అని.

వాళ్ళ నాయన టెంపోలో తెచ్చినాడు, ఖాళీ డబ్బాల మధ్యలో కూచోబెట్టుకొని. మాష్టరు ఐసు పెట్టండి, రేపే హోసూరులో డాక్టరుకి చూపించండి అని చెప్పి పోయె. ఆయన సందు మలుపు తిరిగినాడో లేదో, మా నారాయణప్ప అనినాడు, ఇంట్లోనే వైద్యం పెట్టుకొని హోసూరుకి ఎందుకు పోయేది అని. చుట్టుపక్కల ఇండ్లోళ్ళు పదైదు మంది నిలబడి ఉండారు. అందరూ నా కాలు కేసే చూస్తా ఉండారు. నాకి తెలుసు, మోకాలు నా పని కాదని. అయినా ఆ పదైదు మంది ముందర నాకి చేత కాదు అని చెప్పేదానికి నోరు రాలే. గర్వం తల్లీ. డెబ్బై ఏండ్ల గర్వం.

నందినిని అడిగినాను, తొక్కమంటావా అని. అది నా మొగం చూళ్ళే. పోయి గడప మీద పండుకునింది. నేను ఎడమ కాలు ఎత్తి మోకాలి పక్కన ఆనించి ఒత్తినాను. మూడు సార్లు. గడప చెక్క పట్టుకొని ఉండాది, గోళ్ళు తెల్లగా అయిపోయినాయి, కుయ్యిమనలే. చూడండి, ఎంత ఓర్పో అనినారు అందరూ.  

తెల్లారేపాటికి మోకాలు గుమ్మడికాయంత అయింది. అయినా డాక్టరు దగ్గరికి పోలే. ఉద్దిపిండి, గుడ్డు తెల్లసొన కలిపి పట్టు వేసి గుడ్డ కట్టినాము. మూడు వారాలకి వాపు దిగింది. లేచి నడిచింది. నేను పెరుమాళ్ళకి టెంకాయ కొట్టినాను. మెట్టు ఎక్కబోయింది, మోకాలు పక్కకి జారిపోయ. మళ్ళీ ఎక్కబోయింది, మళ్ళీ జారె. అప్పుడు పోయినాము హోసూరుకి.

స్కాను తీసినారు. డాక్టరమ్మ చిన్న వయసే, మన తెలుగే మాట్లాడింది, కానీ ఆంధ్రా తెలుగు. లోపల తాడు ఒకటి తెగిపోయి ఉండాది, దాని పక్కన మెత్తది కూడా చినిగి ఉండాది, ఆపరేషన్ చెయ్యాల, తొమ్మిది నెలలు పడతాది, ఆ తర్వాత ఆడుతుందో లేదో ఇప్పుడు చెప్పలేము అనింది.  పట్టు వేసిన మచ్చలు చూసి, ఎవురమ్మా దీన్ని ఒత్తింది అని అడిగింది. మా నారాయణప్ప తల దించుకున్నాడు. నందిని చెప్పింది.

"మా అవ్వ తొక్కింది."

అంతే. అంత దినాల్లో అది మాట్లాడింది ఆ మాటే. కోపంగా చెప్పలే, చిన్న గొంతుతో, ఊరి పేరు చెప్పినట్ల చెప్పింది.  కుర్చీ యాడ ఉండాదని చేత్తో తడుముకున్నాను.

మన ఊరి సంగతి నీకి తెలీదా. బస్సు దిగక ముందే మాట ఊరు చేరింది. మునెమ్మ తొక్కి మనవరాలి కాలు పోగొట్టింది. ఆ ఆదివారం ఎవురూ రాలే. మరుసటి ఆదివారం కూడా రాలే. కొళాయి కాడ ఒకామె నా మొగం మీదనే అనింది, డెబ్బై ఏండ్ల పేరు మూడు తొక్కుళ్ళతో పోయ అని.  నోరెత్తని మునెమ్మని ఈ ఊరు అప్పుడే చూసింది. రేతిరి నందిని పక్కన పండుకుంటే ఈ ఎడమ కాలు మడుచుకొని, కొంగు కింద పెట్టుకొని పండుకుంటా ఉంటిని. నిద్దట్లో కూడా దానికి తగలకూడదని.

ఆపరేషన్ బాగానే చేసినారు. కాలు కుదుటపడతా ఉండాది, పిల్ల కుదుటపడలే. అదే నాకి అర్థం కాలే రమ్యా. నొప్పి ఉంటే ఏడుస్తారు, ఆకలైతే అడుగుతారు. ఇది ఏమీ అడగదు. గోడ కేసి తిరుక్కొని పండుకుంటాది. జట్టు పిల్లోళ్ళు చూసేదానికి వచ్చినారు, నిద్దరపోతా ఉండానని చెప్పమనింది, కండ్లు తెరుచుకొనే. మా కోడలు తల దువ్వబోతే, ఒక దినం కత్తెర తీసుకొని జడ కోసి చేతిలో పెట్టేసింది. టీవీలో కబడ్డీ వస్తే రిమోటు గోడకి వేసి కొట్టింది. డాక్టరమ్మ చెప్పిన కసరత్తు చెయ్యదు. ఆడేటప్పుడు వేసుకునే బనీను ఉండాదే, వెనకాల దాని పేరు రాసినది, దాన్ని ఎరువు గుంతలో పారేసింది. నేను పోయి తీసుకొచ్చి ఉతికి, బియ్యం డబ్బా వెనకాల దాచినాను.

నేను ఏమనుకున్నాను? నా మీద కోపం అనుకున్నాను. అనుకోకుండా ఎట్ల ఉంటాను? నా చేతి కూడు తినదు, నా మొగం చూడదు. ఒక దినం పోయి కాళ్ళ కాడ కూచొని, తిట్టవే నన్ను, ఒక్క మాట తిట్టు అంటే, పక్కకి తిరిగి పండుకునింది. తిట్టుంటే బాగుండు. ఈ కాలికి ఏమన్నా అయిపోనీ సామీ, అది నడిస్తే చాలని మొక్కుకున్నాను. నిజం.

ఎనిమిది నెలలు అట్ల పోయె. ఒక మధ్యాన్నం, కోడలూ కొడుకూ చేన్లో ఉండారు, నేను ఆవుకి నీళ్ళు పెట్టేదానికి కొట్టంలోకి పోయినాను. చీకట్లో ఏదో గుసగుస. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. ఊపిరి ఆపి, సన్నగా. గడ్డిలో కూచొని ఉండాది నా బిడ్డ. కూత పెడతానే పిడికిలితో తన మోకాలిని తానే గుద్దుకుంటా ఉండాది. ఆపరేషన్ చేసిన ఆ మోకాలినే. ఊపిరి అయిపోతే ఆపేది, మళ్ళీ ఊపిరి తీసుకొని మళ్ళీ మొదలుపెట్టేది. బకెట్టు నా చేతిలో నుండి జారిపోయ. నేను శానా చూసినాను తల్లీ, సావులు చూసినాను, మొగుడిని పోగొట్టుకున్నాను. అట్లాంటిది చూళ్ళే.

పోయి ఆ చెయ్యి పట్టుకున్నాను. నన్ను కొట్టు, ఇదో నా కాలు, దీన్ని కొట్టు, చేసింది ఇది కదా అనినాను. అప్పుడు చూసింది నా కేసి. ఎనిమిది నెలల తర్వాత.

"నీ కాలు కాదు అవ్వా. ఆడనే తెగిపోయ. నేను తిరిగినప్పుడు లోపల సద్దు వచ్చింది, కట్టె విరిగినట్ల. ఎవురికీ వినబడలే. నాకొక్కదానికే వినబడింది."

 మరి గడప మీద ఎందుకు పండుకున్నావే అని అడిగినాను. ఒకవేళ నీ కాలితో పోతాదేమో అనుకున్నాను అనింది. మరి డాక్టరమ్మకి నా పేరు ఎందుకు చెప్పినావు అనినాను. గడ్డిపోచ ఒకటి తీసుకొని తుంచింది. తర్వాత చెప్పింది.

"ఎవురన్నా తోసుంటే వాళ్ళని తిట్టుకుంటాను కదవ్వా. ఎవురూ తాకలే. నేను ఎవుర్ని అనేది?"

ఇంకా చెప్పింది. రెండు వారాల ముందు నుండే మోకాలు నొప్పి ఉన్నిందంట. చెప్తే సెలక్షన్ కి పంపరని దాచింది. ఆ చున్నీ పేలిక అందుకే. నా కాలే నన్ను ఆడ పడేసింది అవ్వా, ఆ మాట ఊర్లో ఎట్ల చెప్పుకునేది, నీ కాలు అంటే అందరూ నిన్ను అనినారు, నన్ను ఎవురూ ఏమీ అడగలే, నాకి ఊపిరి ఆడింది, కానీ నీ మొగం చూసేదానికి కాలేదు అనింది.

అబద్ధం ఎందుకు చెప్పాల, నాకి ఒళ్ళు మండిపోయ. ఎనిమిది నెలలు, రమ్యా. ఎనిమిది నెలలు నేను నా కాలిని నేనే చూసుకోలే. లేచి బయటికి వచ్చేసినాను. తొట్టి గట్టు మీద కూచున్నాను. ఆవు దాహంతో నన్నే చూస్తా ఉండాది. తిట్టేదానికి మాటలన్నీ నోటి కాడికి తెచ్చుకున్నాను. అప్పుడు లోపల నుండి మళ్ళీ వినబడింది, ఆ గుసగుస కూత. నా మాటలన్నీ యాడికో పోయె. నేను పట్టుకునింది నా కాలి పేరు, అది పోగొట్టుకునింది దాని కాలిని. రెండూ ఒకటేనా?

మళ్ళీ లోపలికి పోయి చెప్పినాను.

"ఊర్లో ఎవురికీ చెప్పొద్దు. నా కాలే అని ఉండనీ. నాకి డెబ్బై దాటె, ఈ కాలికి ఇంక యాడికీ పోయే పని లేదు. నీ కాలికి ఉండాది."

అప్పుడు ఏడ్చింది. క్రిష్ణగిరిలో ఏడవాల్సింది, ఆ కొట్టంలో నా తొడ మీద తల పెట్టుకొని ఏడ్చింది. నా చీర అంతా తడిసిపోయ. సాయంత్రం మా కోడలు చూసి, ఏమైంది అత్తా చీరకి అంటే, ఆవు తన్నింది, బకెట్టు ఒలికింది అనినాను. పాపం ఆ ఆవుకి అది కూడా పడింది.

మరుసటి దినం నుండి కసరత్తు మొదలుపెట్టింది. ఇప్పుడు హోసూరులో ఒక కంపెనీకి పోతా ఉండాది, డ్యూటీ దిగి బండి మీద వస్తాది. ఆడేది లేదు. తెగ్గొట్టినట్ల అదే చెప్పింది, ఆడను అవ్వా అని. సాయంత్రం స్కూలు గ్రౌండు కాడ కూచొని చిన్న పిల్లోళ్ళు ఆడేది చూస్తాది. ఒక్కోసారి లేచి గీత దాకా పోయి, దాటకుండా వెనక్కి వచ్చేస్తాది. నేను దూరం నుండి చూస్తాను, ఏమీ అడగను. బనీను బియ్యం డబ్బా వెనకాలే ఉండాది.

డ్యూటీకి మొదటి దినం పోయేటప్పుడు, తల దువ్వుకొని, బ్యాగు తగిలించుకొని, వచ్చి గడప కాడ బ్యాగు పెట్టి బోర్లా పండుకునింది. నడుముకి ఒకసారి కాలు పెట్టు అవ్వా అనింది. నడుము నొప్పా అంటే కాదు, ఊరికే పెట్టు అనింది. గోడ పట్టుకొని కాలు ఎత్తినాను. మూడు సార్లు కాదు, ఒక్కసారి ఆనించినాను, అంతే. లేచి పోయింది, పోయొస్తానని చెప్పకుండా. చెప్పకూడదు కదా.

అదే ఆఖరు. ఆ తర్వాత ఈ కాలు ఎవురికీ పెట్టలే. ఇదంతా మీ జేజికి కూడా తెలీదు, ఊరంతా ఇంకా నా కాలే అనుకుంటా ఉండారు, అనుకోనీ. నందినే చెప్పింది, ఆడే పిల్ల ఎవురన్నా మోకాలు పట్టుకొని వస్తే మాత్రం నిజం చెప్పు అవ్వా అని. అందుకే నీకి చెప్పింది.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీకి సెలక్షన్ ఎప్పుడు? వచ్చే ఆదివారమా. ఊఁ. మీ అమ్మకి చెప్పకుండా వచ్చినావు కదా? నాకి తెలుసు. ఆ దినం పదైదు మంది ముందర కాలు ఎత్తే ముందు దాన్ని ఈ మాట అడిగుండాల్సింది నేను. అడగలే. నిన్ను అడుగుతా ఉండాను. నువ్వు పడినప్పుడు, ఎవురికీ వినబడకుండా, నీ మోకాట్లో లోపల సద్దు వచ్చిందా?

తల దించుకోవద్దు తల్లీ. నా కేసి చూడు.

ఊఁ.

ఊఁ. సరే. ఏడువు, ఈడ ఎవురూ లేరు. ఏడ్చేసేయి. నా కొంగుతో తుడుచుకో. నాలుగింటికి నందిని వస్తాది, దాని బండి మీద హోసూరుకి పోదువు, ఆ డాక్టరమ్మ దగ్గరికే. నేనే మీ అమ్మకి ఫోన్ చేస్తాను, నాతో అయితే అరవదు. దావలో అదేమీ మాట్లాడకపోయినా భయపడొద్దు, దానికి అంతా తెలుసు. ఈ లోపల రెండు ముద్దలు తిను. కాలు దిండు మీద పెట్టుకో, అట్ల. ఆడినా సరే, ఆడకపోయినా సరే, నూరేండ్లు నీ కాళ్ళ మీద నువ్వు నిలబడాల తల్లీ.